మీ టర్న్‌టేబుల్‌కు సరైన ఎంఎం కార్ట్రిడ్జ్‌ను ఎలా ఎంచుకోవాలి

ఎల్పీలో మొదటి పాట హాయిగా వినిపిస్తుంది. అదే వైపు చివరి పాటకు వచ్చేసరికి గాయని నోట "స", "శ", "చ" పలికిన ప్రతిచోటా శబ్దం చీలిపోయి, ఇసుక మీద రాసినట్టు గరగరలాడుతుంది. చాలామంది రికార్డు అరిగిపోయిందని పక్కన పెట్టేస్తారు. లేకపోతే యాంప్లిఫయర్ మార్చాలని చూస్తారు. ఎక్కువసార్లు తప్పు ముల్లుదే. దాని మొన ఆకారం ఆ సన్నటి గాడిలో పట్టదు, లేదా ముల్లును పట్టి ఉంచే చిన్న పెట్టెను, అంటే కార్ట్రిడ్జ్‌ను, బిగించడంలో తేడా ఉంటుంది.

కొనే ముందు "ఏ కంపెనీది మంచిది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. మీ టర్న్‌టేబుల్ చేయి ఎలాంటిది, కార్ట్రిడ్జ్ ఇచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీయాంప్ ఎలాంటిది, మీరు వినే రికార్డులు ఏవి అన్న మూడూ ముందు తేలాలి. అవి తేలాక మిగిలేది మొన ఆకారం ఒక్కటే. డబ్బు ఖర్చు పెట్టాల్సింది దాని మీద.

ఎంఎం అంటే కదిలే అయస్కాంతం. మొనలో చిన్న వజ్రం ఉంటుంది. దాన్ని మోసే సన్నటి గొట్టాన్ని కాంటిలివర్ అంటారు. ఆ గొట్టం వెనక చివర బుల్లి అయస్కాంతం ఉంటుంది. గాడి మెలికల వెంట మొన ఊగితే అయస్కాంతం ఊగుతుంది, దాని పక్కన కదలకుండా ఉన్న తీగచుట్టల్లో సిగ్నల్ పుడుతుంది. చుట్టలు కార్ట్రిడ్జ్ ఒంట్లో ఉంటాయి, అయస్కాంతం ముల్లుతో పాటు ఉంటుంది. అందుకే ముల్లు అరిగినప్పుడు దాన్ని ఒక్కదాన్నే లాగేసి కొత్తది తొడుక్కోవచ్చు. గ్రాడో, నగావోకా లాంటి కంపెనీల కార్ట్రిడ్జుల్లో అయస్కాంతం బదులు ఇనుప జాతి ముక్క కదులుతుంది. వాటిని కూడా ఎంఎం ఇన్‌పుట్‌కే కలపాలి, కింద చెప్పే పద్ధతే వాటికీ పనికొస్తుంది.

ముందుగా: మీ టర్న్‌టేబుల్‌కు కార్ట్రిడ్జ్ మార్చే వీలుందా?

సూట్‌కేసు ఆకారంలో వచ్చే ప్లేయర్లలో, పాత రేడియోగ్రాముల్లో సాధారణంగా ఉండేది సెరామిక్ కార్ట్రిడ్జ్. గాడి మీద 5, 6 గ్రాముల బరువు మోపుతుంది, ఫోనో ప్రీయాంప్ అవసరం లేకుండానే పెద్ద సిగ్నల్ ఇస్తుంది. దాని చేయికి సర్దుబాటు బరువు ఉండదు కాబట్టి అక్కడ ఎంఎం బిగించడం కుదరదు. ఆ డబ్బు దాచుకుని టర్న్‌టేబుల్ మార్చుకోండి. ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్ లాంటి వాటిలో ఉన్నది ఎంఎం కార్ట్రిడ్జే అయినా అది చేతికే అతికి ఉంటుంది, ముల్లు మాత్రమే మారుతుంది.

చేయి చివర రెండు మరలతో కార్ట్రిడ్జ్ వేలాడుతూ, ఆ మరల మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మి.మీ. ఉంటే మీకు దారి తెరిచి ఉన్నట్టే. అలా కాక కార్ట్రిడ్జ్ ప్లగ్గులా లోపలికి దూరి, పక్కనుంచి ఒకే మరతో పట్టి ఉంటే అది టీ4పీ రకం. 1980ల నాటి టెక్నిక్స్ టర్న్‌టేబుళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఆ రకంలో బరువు 6 గ్రాములు, గాడి మీద మోపే భారం 1.25 గ్రాములు అని ముందే నిర్ణయించి ఉంటుంది. టీ4పీ అని రాసి ఉన్నదే కొనాలి, సర్దుబాట్ల గొడవ ఉండదు.

రెండోది: ప్రీయాంప్, కేబుల్

ఈ మెట్టును దాటేసేవాళ్లే ఎక్కువ. మంచి కార్ట్రిడ్జ్ కొని కూడా "పై స్వరాలు గుచ్చుకుంటున్నాయి" అనేవాళ్లలో చాలామందికి తేడా వచ్చేది ఇక్కడే.

ఎంఎం కార్ట్రిడ్జ్ ఇచ్చే సిగ్నల్ 3 నుంచి 5.5 మిల్లీవోల్టుల దాకా ఉంటుంది. ఫోనో ప్రీయాంప్ దాన్ని సుమారు 100 రెట్లు, అంటే 40 డెసిబెల్స్ పెంచుతుంది. ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 47 కిలో ఓములు. ఇంతవరకు దాదాపు అన్ని ప్రీయాంప్‌లూ ఒకటే. తేడా అంతా కెపాసిటెన్స్‌లో, అంటే విద్యుత్తును కొద్దిగా నిలవ చేసుకునే గుణంలో, ఉంటుంది. చేతిలోని తీగలు, కేబుల్, ప్రీయాంప్ ఇన్‌పుట్ ఈ మూడింటి కెపాసిటెన్సూ కూడితే వచ్చే మొత్తం కార్ట్రిడ్జ్ తీగచుట్టతో కలిసి ఒక రెజొనెన్స్‌ను, అంటే ఒక స్థాయి దగ్గర సిగ్నల్ ఉబ్బడాన్ని, పుట్టిస్తుంది.

ఆడియో-టెక్నికా వీఎం95 వరుసను తీసుకోండి. తీగచుట్ట ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు. మొత్తం కెపాసిటెన్స్ 200 పికోఫారడ్లు అయితే రెజొనెన్స్ 15 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. అది పెద్దగా ఇబ్బంది పెట్టదు. అదే మొత్తం 400కు పెరిగితే రెజొనెన్స్ దాదాపు 10.7 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. అక్కడ శబ్దం ఉబ్బి, ఆ పైన ఒక్కసారిగా పడిపోతుంది. తాళాల మోత, "స"కారాల పదును పెరుగుతాయి, వాటి పైన ఉండాల్సిన సన్నటి స్వరాలు తగ్గిపోతాయి. కార్ట్రిడ్జ్ అదే, మొనా అదే, కేబుల్ పొడవు ఒక్కటే మారింది.

లెక్క ఇలా వేసుకోండి. మామూలు ఆర్‌సీఏ కేబుల్ మీటరుకు 100 పికోఫారడ్లకు అటూ ఇటూ. ప్రీయాంప్ ఇన్‌పుట్ విలువ దాని మాన్యువల్‌లో ఉంటుంది, సాధారణంగా 100 నుంచి 220. చేతి లోపలి తీగలకు ఇంకొంచెం. వీఎం95కు ఆడియో-టెక్నికా చెప్పే మొత్తం 100 నుంచి 200 పికోఫారడ్లు. ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌కు 150 నుంచి 300. కాబట్టి మీ ప్రీయాంప్‌లో 220 స్థిరంగా ఉండి, దాన్ని మార్చే స్విచ్చు లేకపోతే 2ఎం వైపు మొగ్గండి. ప్రీయాంప్ 100 లేదా అంతకన్నా తక్కువ అయి, కేబుల్ పొట్టిదైతే వీఎం95 హాయిగా పాడుతుంది. టర్న్‌టేబుల్‌లోనే ప్రీయాంప్ ఉండి దాన్నే వాడుతుంటే బయటి కేబుల్ ఈ లెక్కలోకి రాదు.

మూడోది: చేయి బరువూ, ముల్లు మెత్తదనమూ

ముల్లును పట్టి ఉంచే రబ్బరు స్ప్రింగులా పనిచేస్తుంది. దాని మీద ఊగే బరువు చేయి, కార్ట్రిడ్జ్, మరలు కలిపి. ఈ స్ప్రింగుకూ బరువుకూ ఒక సహజమైన ఊపు ఉంటుంది. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువైతే వంగిన రికార్డు మీద, గదిలో నడిచినప్పుడు చేయి ఊగిసలాడి, వూఫర్లు శబ్దం లేకుండానే ముందుకూ వెనక్కూ కదులుతాయి. ఎక్కువైతే సంగీతంలోని మంద్ర స్వరాలనే తాకుతుంది.

సూత్రం కష్టమేమీ కాదు. మొత్తం బరువును గ్రాముల్లో, మెత్తదనాన్ని, అంటే కంప్లయన్స్‌ను, కంపెనీ ఇచ్చిన అంకెలో తీసుకుని రెండింటినీ గుణించండి. వచ్చినదానికి వర్గమూలం తీసి, 159ని దానితో భాగించండి. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 చేయి ప్రభావ బరువు, అంటే ఊగేటప్పుడు మొనకు తెలిసే బరువు, 12 గ్రాములు. 2ఎం రెడ్ 7.2 గ్రాములు, మరలు ఒక గ్రాము అనుకుంటే మొత్తం 20.2. 2ఎం రెడ్ కంప్లయన్స్ 20. గుణిస్తే 404, వర్గమూలం 20.1, జవాబు 7.9 హెర్ట్జ్. సరిగ్గా అంచు మీద ఉంది. పనిచేస్తుంది. కాని వేసవి ఎండకు వంగిన రికార్డులు మీ దగ్గర ఎక్కువ ఉంటే ఇంకొంచెం గట్టి ముల్లు మేలు.

ఇక్కడ ఒక మోసం దాగి ఉంది. జపాన్ కంపెనీలు కంప్లయన్స్‌ను 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి ఇస్తాయి. ఈ సూత్రానికి కావలసింది 10 హెర్ట్జ్ దగ్గరి విలువ. ఆ అంకెను 1.5 నుంచి 2 రెట్లు చేసుకుని వాడాలి. వీఎం95ఈకి ఇచ్చినది 7. దాన్ని 12గా తీసుకుంటే, 6.1 గ్రాముల కార్ట్రిడ్జ్‌తో అదే టెక్నిక్స్ చేయి మీద జవాబు సుమారు 10.5 హెర్ట్జ్. చక్కగా మధ్యలో కూర్చుంది.

నాలుగోది: మొన

ఇప్పుడు మొదట చెప్పిన చివరి పాట సంగతికి వద్దాం. 12 అంగుళాల ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర మొన కింద గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు జరుగుతుంది. లోపల, మధ్య నుంచి 6 సెంటీమీటర్ల దూరంలో, 21 సెంటీమీటర్లే జరుగుతుంది. 10 కిలోహెర్ట్జ్ శబ్దంలో ఒక అల అంచున 51 మైక్రాన్ల పొడవు ఉంటే, లేబుల్ దగ్గర 21 మైక్రాన్లకు కుదించుకుపోతుంది. అందులో సగం వంపు, సగం ఎదురు వంపు. గుండ్రటి మొన, అంటే కోనికల్, వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు. ఆ బొద్దు మొన 10 మైక్రాన్ల మలుపులో దిగలేదు. పైపైన ఎగిరి పోతుంది. చివరి పాటలో మీరు వినే గరగర అదే.

ఎలిప్టికల్ మొన గాడి గోడలను తాకే అంచు 8 మైక్రాన్లు. మలుపుల్లో చాలా మేరకు దిగుతుంది. మైక్రోలైన్ మొన అంచు 3 మైక్రాన్లకు దగ్గర. పక్కలకు పలచగా ఉంటూ, గోడ వెంట నిలువుగా పొడవైన గీతలా ఆనుతుంది. షిబాటా మొన కూడా ఈ నిలువు గీత జాతిదే. చివరి పాటలో "స"కారం నిజంగా "స"కారంగా వినపడేది ఈ రెండింటితోనే.

ఇంకో భేదం వజ్రాన్ని అమర్చే తీరులో ఉంది. చవక ముల్లుల్లో లోహపు కాడ చివర చిన్న వజ్రపు ముక్క అతికిస్తారు, దీన్ని బాండెడ్ అంటారు. న్యూడ్ అన్నప్పుడు కాడంతా వజ్రమే. కదిలే బరువు తగ్గుతుంది కాబట్టి సన్నని స్వరాలను తేలిగ్గా వెంబడిస్తుంది.

ఆడియో-టెక్నికా లెక్క ప్రకారం ఎలిప్టికల్ ముల్లు 300 గంటలు, కోనికల్ 500, షిబాటా 800, మైక్రోలైన్ 1000 గంటలు పాడుతుంది. ఎల్పీ రెండు వైపులూ కలిపి 40 నిమిషాలనుకుంటే ఎలిప్టికల్ 450 ఎల్పీలు, మైక్రోలైన్ 1500 ఎల్పీలు. మైక్రోలైన్ ధర ఎలిప్టికల్‌కు రెండింతలు దాటినా గంటల లెక్కన చూస్తే చవకే. రోజూ వినేవాళ్లకు నిస్సంకోచంగా మైక్రోలైన్ చెప్పవచ్చు. అయితే ఒక షరతు. అది అమరికలో చిన్న తేడాను కూడా సహించదు. అమరికను సరిచూసే గీతల పలక, అంటే ప్రోట్రాక్టర్ పెట్టి ఓపిగ్గా కూర్చోవడం మీవల్ల కాదనుకుంటే ఎలిప్టికల్‌తో ఆగండి. వంకరగా బిగించిన మైక్రోలైన్ కన్నా సరిగ్గా బిగించిన ఎలిప్టికల్ మేలు.

పాత రికార్డుల సంగతి వేరు. మన ఇళ్లలో మిగిలిన సినిమా ఎల్పీలు, 45 చుట్ల ఈపీలు చాలావరకు బరువైన సెరామిక్ ముల్లుతో ఏళ్ల తరబడి పాడినవే. గోడలో గుండ్రటి మొన ఆనిన చోటు అరిగి ఉంటుంది. మైక్రోలైన్ గోడను ఇంకా ఎక్కువ ఎత్తున తాకుతుంది కాబట్టి అరగని భాగం దొరికి, అదే రికార్డు కొత్తగా వినిపించవచ్చు. ప్రతిసారీ ఇలా జరగదు, మరీ చితికిన గాడిలో చిటపటలను కూడా అంతే స్పష్టంగా వినిపిస్తుంది. అలాంటి రికార్డులకు కోనికల్ మెత్తగా ఉంటుంది.

ఘంటసాల, పి. లీల కాలపు 78 ప్లేట్లు ఉంటే వాటి మీద ఎల్పీ ముల్లు పెట్టకండి. 78 గాడి వెడల్పు ఎక్కువ, దానికి 3 మిల్స్, అంటే 76 మైక్రాన్ల మొన కావాలి. ఎల్పీ ముల్లు ఆ గాడి అడుగున పేరుకున్న ధూళిలో దొర్లుతుంది, హోరు తప్ప పాట రాదు. అక్కడ వీఎం95 వరుస బాగా అక్కరకొస్తుంది. ఒంటి మీద ఎల్పీ ముల్లు తీసి, 78ల కోసం చేసిన వీఎం95ఎస్‌పీ ముల్లు తొడిగితే చాలు. భారం మాత్రం 2 గ్రాముల నుంచి 5 గ్రాములకు మార్చాలి. మార్చిన సంగతి మర్చిపోయి మళ్లీ ఎల్పీ మీద పెట్టకండి. ఇంకో మాట, 78లు లక్కతో చేసినవి. వాటిని స్పిరిట్‌తో తుడిస్తే కరిగిపోతాయి.

ఏది కొనాలి

కొత్తగా మొదలుపెట్టి, ప్రీయాంప్ కెపాసిటెన్స్ తక్కువగా ఉన్నవాళ్లకు ఎలిప్టికల్ మొన ఉన్న వీఎం95ఈ. కొన్నాళ్లు విని, చెవి పదునెక్కాక అదే ఒంటికి ఎంఎల్, అంటే మైక్రోలైన్ ముల్లు తొడుక్కోవచ్చు. ఒళ్లు మార్చక్కర్లేదు. ప్రీయాంప్ కెపాసిటెన్స్ ఎక్కువైతే 2ఎం రెడ్. దానికి తర్వాత 2ఎం బ్లూ ముల్లు పడుతుంది, అది న్యూడ్ ఎలిప్టికల్. బ్రాంజ్, బ్లాక్ ముల్లులు వేరే ఒంటివి. రెడ్ కొని ఏదో ఒకరోజు బ్లాక్ ముల్లు వేద్దాం అన్న ఆలోచన పెట్టుకోకండి.

పాతవి కొనేటప్పుడు ఒళ్లు పాతదైనా ఫర్వాలేదు, ముల్లు మాత్రం కొత్తదే కావాలి. సీలు విప్పని 30 ఏళ్ల నాటి ముల్లు అని ఎవరైనా ఊరిస్తే ఆగి ఆలోచించండి. వజ్రం చెడదు, రబ్బరు గట్టిపడుతుంది. షూర్ 2018లో కార్ట్రిడ్జుల తయారీ మానేసింది. ఆ పాత ఒళ్లకు జపాన్‌లో జీకో కంపెనీ ముల్లులు చేస్తోంది. పాత ఒంటిని కొనే ముందు ముల్లు లాగేసి మల్టీమీటర్‌తో ఎడమ పిన్నుల మధ్య, కుడి పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. వీఎం95లో 485 ఓముల దగ్గర, 2ఎం రెడ్‌లో 1.3 కిలో ఓముల దగ్గర వస్తుంది. ఒక వైపు రీడింగే రాకపోతే చుట్ట తెగినట్టు.

బిగించడం

ముల్లును ఒంటి నుంచి తీసి పక్కన పెట్టండి. చేయి చివర కార్ట్రిడ్జ్‌ను బిగించే భాగం హెడ్‌షెల్, దాని తీగలు నాలుగు. తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. క్లిప్పును ట్వీజర్‌తో మెడ దగ్గర పట్టి పిన్ను మీదికి నిటారుగా తొయ్యండి. తీగను పట్టి తోస్తే టంకం ఊడుతుంది. బిగుతుగా ఉంటే క్లిప్పు నోట్లో టూత్‌పిక్ దూర్చి కొంచెం వెడల్పు చేయండి. వదులుగా ఉంటే మెల్లగా నొక్కండి. ఏదో ఒక జత తారుమారైతే గొంతు మధ్యలో నిలవదు, మంద్రం మాయమవుతుంది.

మరలను జారేంత వదులుగా ఉంచి ముల్లు తొడిగి, ప్రోట్రాక్టర్ పెట్టండి. బేర్వాల్డ్ అనే అమరిక పద్ధతిలో మొన రికార్డు మధ్య నుంచి 66 మి.మీ. దగ్గర, 120.9 మి.మీ. దగ్గర గీతకు సరిగ్గా సమాంతరంగా నిలవాలి. చూడాల్సింది కాంటిలివర్‌ను, కార్ట్రిడ్జ్ ఒంటిని కాదు. ఒక చోట సరిచేస్తే రెండో చోట తప్పుతుంది, నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరగాలి. టెక్నిక్స్ చేయి అయితే హెడ్‌షెల్ చివరి రబ్బరు వాషరు నుంచి మొన దాకా 52 మి.మీ. పెట్టుకోవడం కంపెనీ చెప్పిన తేలిక దారి. కుదిరాక మరలను ఒకటి మార్చి ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే ఒళ్లు తిరిగిపోతుంది.

భారానికి డిజిటల్ త్రాసు వాడండి. మోపే ముందు మొనను త్రాసు పళ్లేనికి పైన, తాకకుండా గాలిలో పట్టి చూడండి. అంకె సున్నా నుంచి కదిలితే పళ్లెంలో ఇనుము ఉందని అర్థం. అయస్కాంతం లాగి తప్పు బరువు చూపిస్తుంది. వీఎం95కు 2.0 గ్రాములు, 2ఎం రెడ్‌కు 1.8. రికార్డుకు దెబ్బని తక్కువ పెట్టేవాళ్లున్నారు. తక్కువైతేనే దెబ్బ ఎక్కువ, మొన గాడిలో నిలవక ఎగిరి గోడలను కొడుతుంది. తర్వాత రికార్డు మీద మొన ఉన్నప్పుడు చేయి నేలకు సమాంతరంగా ఉందో చూడండి. ముందు నుంచి చూస్తే కార్ట్రిడ్జ్ నిటారుగా ఉండాలి. చేయి రికార్డు మధ్యకు లాగుకుపోకుండా ఆపే సర్దుబాటు, అంటే యాంటీ-స్కేటింగ్‌ను, భారంతో సమానమైన అంకె దగ్గర పెట్టండి.

ఇప్పుడు చివరి పాట వేసి వినండి. గరగర కుడి స్పీకర్‌లోనే వస్తే యాంటీ-స్కేటింగ్ కొంచెం పెంచండి, ఎడమలో వస్తే తగ్గించండి. రెండింటా వస్తే ముందు భారాన్ని, ఆ తర్వాత ప్రోట్రాక్టర్ అమరికను మళ్లీ చూడండి. గుయ్‌మని హమ్ వస్తుంటే టర్న్‌టేబుల్ ఎర్త్ తీగ ప్రీయాంప్ మరకు తగిలించారో లేదో చూసి, తర్వాత ఆ నాలుగు క్లిప్పులను చూడండి.

ప్రతి వైపుకు ముందు ముల్లును మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి ముందుకు తుడవండి. పక్కలకు గాని ఎదురుగా గాని తుడిస్తే కాంటిలివర్ వంగుతుంది. గంటల లెక్కను ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఎలిప్టికల్ అయితే 300 దగ్గర పడేసరికి కొత్త ముల్లు తెప్పించి, పాతదానితో వినే చివరి రికార్డునే కొత్తదానితో వెంటనే మళ్లీ వేయండి. తేడా వినపడకపోతే తొందరేం లేదు. వినపడితే పాతదాన్ని మళ్లీ తొడగకండి, అరిగిన మొన రికార్డు గోడలను చెక్కుతుంది.